వేగవతి నదిపై రాజద్రోహం

స్వర్ణపీఠపు కొలువులో ఆనాడు పొద్దుటినుంచీ సాగుతున్న చర్చ ఏమిటంటే, ప్రాణం లేని రాజకుమారికి పట్టే గొడుగు తెల్లగా ఉండాలా, పసుపుపచ్చగా ఉండాలా అని.

ఆ రాజకుమారి పేరు మందారిక. శ్యామశైల రాజపుత్రి. పాపం, ఈ మర్యాదల దేశానికి అతిథిగా రావడమే ఆమె చేసిన నేరం. వేగవతి నది అవతలి ఒడ్డున గుహలో తిష్ఠ వేసిన జటిలాక్షుడనే మాంత్రికుడు ఆమె ప్రాణాన్ని లాగి, చందనపు భరిణెలో పెట్టి, మూత బిగించి పట్టుకుపోయాడు. ఆమె దేహం నదికి ఎదురుగా ఉన్న సింహద్వారం పక్క మండపంలో, వాడని పువ్వులా పడి ఉంది. ఆనాటి సూర్యుడు అస్తమించేలోగా ఆ భరిణెను తెచ్చి ఆమె పెదవుల దగ్గర తెరవాలి. తెరవకపోతే ఆ పిల్ల ఇక కళ్లు విప్పదు. ఇది మహారాజుకూ తెలుసు, మంత్రులకూ తెలుసు. తెలిసే గొడుగు రంగు గురించి గొంతులు చించుకుంటున్నారు.

మందారిక అన్న అరిందముడు ఆ ఉదయమే నగరం చేరుకున్నాడు. అయితే రాకుమారుడిగా కాదు. రాకుమారుడు వస్తే ఎదురుకోలు, పాదపూజ, బిరుదులు చదవడం, విందు, విందు తర్వాత మళ్లీ బిరుదులు. ఇవన్నీ ముగిసేసరికి చెల్లెలికి మాసికం పెట్టవలసి వస్తుందని గ్రహించి, నగరం పొలిమేరలోనే కిరీటం తీసి గోతిలో పాతేసి, ఒంటికి బురద పూసుకుని, తలకు పాత గుడ్డ చుట్టుకుని, పడవవాడి వేషంలో కొలువుకు వచ్చాడు. భరిణె తెస్తానన్నాడు. పడవవాడు చస్తే పోయేదేముంది కనుక మహారాజు భోగకేతుడు వెంటనే అనుమతించాడు.

అనుమతితో పాటు ఒక శనినీ అంటగట్టాడు. వాడు రాజమర్యాదల అధికారి పృథూదరుడు. ముందు పొట్ట, వెనక వాడు. ఒక చేతిలో వెండి పళ్లెం, పళ్లెంలో రాజముద్ర. రెండో చేతిలో ముత్యాల కుచ్చుల తెల్లగొడుగు. ఆ గొడుగు ఎండకు కాదు, రాజముద్రకు.

అతను రావడానికి కారణం ఒక శాసనం. వేగవతిని దాటే ఏ పడవైనా ముక్కును ఎదుటి ఒడ్డుకు సూటిగా పెట్టి నడపాలి. ఎగువకో దిగువకో ముక్కు తిప్పితే సింహద్వారానికి మొహం తిప్పినట్టే లెక్క. అది రాజద్రోహం. తల తీసేస్తారు. ఈ శాసనాన్ని శిరసా వహించి ఎందరో వీరులు మాంత్రికుడి మీదికి బయలుదేరారు. ముక్కు సూటిగానే పెట్టారు, ప్రాణాలొడ్డి తెడ్లు వేశారు. నది మాత్రం శాసనం చదవలేదు. పడవ ఒడ్డు వైపు జరుగుతున్నంతసేపూ అది పడవను దిగువకు మోసుకుపోతూనే ఉంది. అందరూ వెళ్లి, జలపాతం అంచున అవతలి ఒడ్డును ఆనుకుని ఉన్న కోరబండ మీద పడి ముక్కలయ్యారు. కొలువులోని పండితులు దీన్ని జటిలాక్షుడి మహామంత్రమని తేల్చి, విరుగుడు హోమాలు చేయించారు. అసలు మంత్రమూ లేదు, మట్టీ లేదు. ఆ మాంత్రికుడు చేసిందల్లా కోరబండ మీద ఒక పీట వేసుకుని కూర్చోవడమే. మిగిలిన పనంతా మహారాజు శాసనం చేసిపెట్టింది.

రాజముద్రకు హారతులిచ్చి పడవ వదిలేసరికి మధ్యాహ్నం దాటింది. రేవు దాటీ దాటగానే పృథూదరుడు గావుకేక పెట్టాడు.

“ఏరా! పడవ ముక్కు ఎటు పెట్టావురా?”

“ఎగువకండి, దొరవారూ.”

“గుహ ఎటుంది?”

“ఎదురుగా ఉందండి.”

“మరి నీ కళ్లు నెత్తికెక్కాయా?”

అరిందముడు తెడ్డు ఆపకుండానే నవ్వాడు. “పడవకి నా తెడ్డు ఒక్కటే కాదండి, నది కూడా తన తెడ్డు తాను వేస్తోంది. నేను కొంత బలం ఎగువకి పెడతాను. అది అంత బలంతోనూ దిగువకి లాగుతుంది. ఆ రెండూ చెల్లుకు చెల్లు. నా దగ్గర మిగిలిన బలం ఎదుటి ఒడ్డుకు పోతుంది. కాస్త నెమ్మదిగా పోతాం. కానీ సూటిగా పోతాం.”

“సూటిగానా! ముక్కు ఉత్తరపు కొండను చూస్తుంటే గుహకు పోతామా? నేనేమన్నా పసివాణ్ణనుకున్నావా?”

“ముక్కును చూడకండి. ఒడ్డు మీద గుహను చూడండి. ఇందాకా ఎదురుగా ఉందా, ఇప్పుడూ ఎదురుగానే ఉందా?”

పృథూదరుడు చూడలేదు. చూస్తే కనిపిస్తుందని భయం. కళ్లు పడవ ముక్కు మీదే పెట్టి, నోటితో నేరాలు వల్లె వేసుకుంటూ కూర్చున్నాడు. కాసేపటికి పడవ గుహ ముందరి ఇసుకలో మెత్తగా ఆగింది. అతను దిగి, గుహను కిందినుంచి పైదాకా చూసి, పెదవి విరిచాడు.

“నువ్వు దారి తప్పి చేరుకున్న గుహ ఇది. దీన్ని చేరినట్టుగా నేను ఒప్పుకోను,” అన్నాడు.

ఇలాంటి బుర్రలు ఏలుతున్న రాజ్యానికి మాంత్రికుడు ఒక్కడే వచ్చాడంటే అది వాళ్ల అదృష్టం.

గుహ మాత్రం చూడదగ్గదే. ద్వారానికి ఇరువైపులా నల్లరాతి నాగులు పడగలు విప్పి, కళ్లలో కెంపులు వెలిగిస్తున్నాయి. లోపల పాలరాతి నేల మీద పచ్చల పొడితో వేసిన ముగ్గులు అడుగు వేస్తే అలల్లా కదులుతున్నాయి. పైకప్పునుంచి గాజుకుంభాలు వేలాడుతున్నాయి. ఒక్కో కుంభంలో ఒక్కో రంగు పొగ. వాకిట్లో భూతాల గుంపు కత్తులు నూరుతోంది. వాటి మధ్యగా దారి.

అరిందముడు క్షణం ఆలోచించాడు. పృథూదరుడి చేతిలోని తెల్లగొడుగు లాక్కుని, ముఖానికి బూడిద పులుముకుని, ముత్యాల కుచ్చులు ఊపుకుంటూ తిన్నగా భూతాల మధ్యకు నడిచాడు. గొడుగును చూడగానే అవి కత్తులు కింద పెట్టి, నుదుళ్లు నేలకు ఆనించి సాగిలపడ్డాయి. గొడుగు కింద ఎవరున్నదీ అడగాలన్న ఊహ ఒక్కదానికీ రాలేదు. బతికున్నప్పుడు ఇవన్నీ స్వర్ణపీఠంలోనే కొలువు చేసి ఉంటాయి. అవి తలలెత్తేసరికి అరిందముడు లోపలికి పోవడం, గురకపెట్టి నిద్రపోతున్న జటిలాక్షుడి తలగడ కిందినుంచి భరిణె తీయడం, తిరిగి రావడం, పడవెక్కడం అన్నీ అయిపోయాయి.

అరచేతిలో భరిణె గోరువెచ్చగా ఉంది. లోపల ఏదో రెక్కలు కొట్టుకుంటున్నట్టు సన్నగా అదురుతోంది.  అరిందముడు దాన్ని తలగుడ్డలో మూట కట్టి, కూర్చునే బల్ల మీద తన పక్కనే పెట్టుకుని, తెడ్డు అందుకున్నాడు.

పడవ ఎంతో దూరం పోకముందే గుహ దద్దరిల్లింది. జటిలాక్షుడు జడలు విరబోసుకుని, ఒడ్డుకు ఉరికి వచ్చి, మండుతున్న పుర్రెలు విసరసాగాడు. మొదటి పుర్రె పడవ వెనక నీళ్లలో పడి చుయ్‌మంది. రెండోదీ వెనకే పడింది. మూడోదీ అంతే. అతను ప్రతిసారీ పడవ ఉన్నచోటికి గురిచూసి కొడుతున్నాడు. పుర్రె వచ్చేసరికి పడవ ఆ చోటులో ఉండడం లేదు. పడవ పోబోయే చోటికి కొట్టాలన్న తెలివి ఉంటే వాడు శవాలను పట్టుకుని బతికేవాడా?

అయినా ఒకటో రెండో పొరపాటున తగలవచ్చునని అరిందముడు పడవను నడినదికి తీశాడు. నేరుగా సింహద్వారానికి ఎదురుగా పోవాలంటే మరికొంత ఎగువకు చేరాలి. ముక్కును తిన్నగా ప్రవాహానికి ఎదురు పెట్టాడు. వెనక బల్ల మీద పృథూదరుడు రెండో రాజద్రోహం అంటూ మూలిగాడు.

ఎదురీతకు ఊపు తప్పకూడదు. అరిందముడు చిన్నప్పుడు చెల్లెలిని ఒళ్లో పెట్టుకుని పాడిన శ్యామశైలపు పాట ఎత్తుకున్నాడు.

“కొండ మీద పొద్దు పొడిచె, గోరువంకా రావే,
కొమ్మ మీద గింజ పెడితి, గూటికింక రావే...”

పొడుగాటి పాట. ఒక్కో పాదానికి ఒక్కో తెడ్డు. గోరువంక అడవులు దాటుతుంది, వాన దాటుతుంది, వేటగాణ్ణి దాటుతుంది, చివరికి గూటికి వస్తుంది. పాట ముగిసింది. అరిందముడు చెమట తుడుచుకుని, మూట కోసం పక్కకు చెయ్యి చాపాడు.

బల్ల ఖాళీగా ఉంది.

“మూటేదండీ?”

“ఏ మూట? ఆ మురికిగుడ్డా? రాజముద్రతో సమానమైన ఎత్తులో మురికిగుడ్డ ఉండకూడదు. తీసి వెనక అంచు మీద పెట్టాను.”

వెనక అంచు మీద ఏమీ లేదు. 

“అందులో భరిణె ఉందండీ! ఎప్పుడు పడింది?”

పృథూదరుడి మొహం పాలిపోయింది. అయినా మాటలో బింకం పోలేదు. “నువ్వు పాట మొదలుపెట్టినప్పుడు వెనక ఏదో డబుక్కుమంది. చేప అనుకున్నాను. అధికారులు చేపలను విచారించరు.”

పాట మొదలైనప్పుడు! అరిందముడు మరో మాట లేకుండా పడవను గిరుక్కున తిప్పాడు. చందనం తేలుతుంది. మునగదు. కానీ దిగువన జలపాతం ఉంది.

“ఇక దొరకదురా,” అన్నాడు పృథూదరుడు. “మనం ఇటు వస్తున్నంతసేపూ నది దాన్ని అటు మోసుకుపోయింది. మనం వెనక్కి పోతున్నంతసేపూ ఇంకా మోసుకుపోతుంది. పాట పాడినంతసేపు వచ్చాం కనుక, వెనక్కి పోవడానికి అలాంటి పాటలు ఎన్ని కావాలో!”

“ఒక్కటే. అదే పాట. అదే ఊపు.”

“అదెలా?”

“తమరు మహారాజుగారి విహారనౌక ఎక్కారు కదండీ? నౌక నడుస్తుండగా తాంబూలపు పళ్లెం దగ్గర్నుంచి లేచి చివరిదాకా నడిచారు. మళ్లీ పళ్లెం దగ్గరికి రావాలంటే ఎంత నడవాలి?”

“ఎంత పోయానో అంతే నడవాలి.”

“నౌక కదులుతోంది కదండీ?”

“నౌక కదిలితే దాంతో పళ్లెమూ కదులుతుంది, నేనూ కదులుతాను కదరా మూర్ఖుడా!”

“అంతేనండి. ఈ నదే నౌక. భరిణె పళ్లెం. నీళ్లతో పాటు పోతోంది కనుక, నీళ్లలో అది పడ్డచోటే కదలకుండా కూర్చుని ఉంది. మనం దానికి ఒక పాట దూరం వచ్చాం. ఒక పాట దూరం పోతే చాలు. ఒడ్డును మరిచిపోండి.”

“భరిణెను పళ్లెమంటావా?” అన్నాడు పృథూదరుడు నీరసంగా. కానీ ఈసారి నేరాల జాబితాలో చేర్చలేదు.

అరిందముడు పాట ఎత్తుకున్నాడు. ఇక్కడే ఉంది అసలు కష్టం. భయం పాటను తరుముతుంది. తొందరపడి పాడితే పాట ముందే అయిపోతుంది, భరిణె కనిపించదు, గుండె ఆగిపోతుంది. అతను పళ్లు బిగించి, చెల్లెలు ఒళ్లో నిద్రకు జోగుతున్నట్టే ఊహించుకుంటూ, అదే నిదానంతో పాడాడు. పశ్చిమాన సూర్యుడు సింహద్వారపు బురుజుల మీదికి దిగుతున్నాడు. ఒడ్లు మాత్రం పిచ్చెత్తినట్టు వెనక్కి పరుగెడుతున్నాయి.

గోరువంక వాన దాటేసరికి మాంత్రికుడి గుహ ఎదురుగా వచ్చింది. ఒడ్డున పెద్ద వల పడి ఉంది. భరిణె నీళ్లలో పడడం జటిలాక్షుడు చూసినట్టే ఉన్నాడు. చూసి, అది పడ్డచోటికి ఎదురుగా నిలబడి, భూతాలచేత వల వేయించినట్టున్నాడు. ప్రవాహంలో పడ్డదాన్ని పడ్డచోటే వెతికే మహామాంత్రికుడు! ఇప్పుడు అక్కడ వల తప్ప ఎవరూ లేరు. విసుగెత్తి పోయి పడుకుని ఉంటాడని అరిందముడు ఈసడింపుగా ఉమ్మేశాడు.

గోరువంక వేటగాణ్ణి దాటింది. పృథూదరుడు పళ్లెం పక్కన పడేసి, అంచు పట్టుకుని, నీళ్లలోకి వంగి చూస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. వింటే, పాట పాడుతున్నాడు.

“గూటికింక రావే...”

చివరి పాదం, చివరి తెడ్డు. పడవ ముక్కుకు ఏదో టక్కున తగిలింది. మురికిగుడ్డ నీళ్ల మీద తెరలా పరుచుకుని ఉంది. దాని నడుమ భరిణె.

అరిందముడు రెండు చేతులా ఎత్తి గుండెకు హత్తుకున్నాడు. లోపల రెక్కలు ఇంకా కొట్టుకుంటున్నాయి. ఒక్క క్షణం అంతా నిశ్చలమైపోయింది. పడవ చుట్టూ నీళ్లు చెరువులో నీళ్లలా కదలకుండా ఉన్నాయి. తేలుతున్న ఎండుటాకు ఒకటి పడవ పక్కనే నిలబడిపోయింది. ఆ నిశ్చలత ఎంత మోసమో చెవికి తెలిసింది. దిగువనుంచి ఉరుములాంటి హోరు.

జలపాతం!

అరిందముడు భరిణెను నడుముకు దోపి, అలవాటు కొద్దీ పడవ ముక్కును ఎగువకు తిప్పి, ఉన్న సత్తువంతా పెట్టి తెడ్డు వేశాడు. ఇందాక గుహకు ఇలాగే వచ్చాడు. కానీ అక్కడి నది వేరు, అప్పటి చేతులు వేరు. ఇక్కడ నీళ్లు వాలులో పడి ఉరుకుతున్నాయి. ఎంత ఎగువకు వేసినా ఒడ్డు మీది చెట్లు ఒకటొకటిగా ఎగువకే జారిపోతున్నాయి. ఒడ్డు మాత్రం దగ్గరకు రావడం లేదు. పశ్చిమపు ఒడ్డు నిలువు కొండ, కాలు పెట్టే చోటు లేదు. తూర్పు ఒడ్డున కోరబండ ఒక్కటే దిక్కు.

“ముక్కు ఒడ్డుకు పెట్టరా!” అని అరిచాడు పృథూదరుడు. “సూటిగా పెట్టు! శాసనం, శాసనం!”

“నోరు ముయ్!” అని కసిరాడు అరిందముడు. కసిరాక చెయ్యి ఆగింది.

ఎగువకు వేసే ప్రతి తెడ్డూ నదితో కొట్లాటకే ఖర్చయిపోతోంది. ఒడ్డుకు చేర్చేది ఒక్కటీ లేదు. నది దిగువకు ఎంత ఈడ్చినా సరే, ఈడ్చనీ. ఉన్న బలమంతా ఒడ్డు వైపే పెడితే అన్నిటికన్నా త్వరగా ఒడ్డు చేరతాం. కోరుకున్న చోటుకు కాదు. కానీ త్వరగా. ముక్కు ఒడ్డుకు సూటిగా పెట్టాలి. ఇందాకటినుంచీ తను ఏ శాసనం మీద ఉమ్మేస్తున్నాడో అదే శాసనం! కారణం తెలియకపోయినా, జీవితంలో మొదటిసారి ఆ పొట్టమనిషి నోటినుంచి సరైన మాట వచ్చింది. తను నోరు ముయ్యమన్నాడు.

అరిందముడికి సిగ్గేసింది. సిగ్గుపడడానికి తీరిక లేదు. ముక్కు గిరుక్కున తిప్పాడు.

పడవ ఒడ్డు వైపు దూసుకుపోయింది. దిగువకు అంతకన్నా వేగంగా కొట్టుకుపోయింది. హోరు పెరిగింది. తుంపరలు ముఖాన కొడుతున్నాయి. ఆ తుంపరల తెరలోంచి కోరబండ నల్లగా పైకి లేచింది. తిన్నగా దాని మీదికే పోతున్నారు. కొట్టుకుపోయే ముందే తగులుతారు. బతికారు!

అంతలో అరిందముడు బండ మీద పీటను చూశాడు. పీట మీద కూర్చున్న మనిషిని చూశాడు.

జటిలాక్షుడు తొందరేమీ లేకుండా జడలు ముడి వేసుకుంటున్నాడు. పుర్రె గురి తప్పినవాడు, వలతో ఓడినవాడు. ఈ ఒక్క విషయంలో మాత్రం వాడికి గురితో పనిలేదు. శాసనం ప్రకారం ముక్కు పెట్టిన ప్రతి పడవా ఎక్కడికి వచ్చి తగులుతుందో ఏళ్ల తరబడి చూస్తున్నాడు. వాడి ఎడమచేతిలో శూలం ఉంది. కుడిచెయ్యి ఖాళీగా, భరిణె కోసం ముందుకు చాచి ఉంది.

“రా నాయనా,” అన్నాడు. “నీకోసమే పీట తుడిచి కూర్చున్నాను.”

మళ్లీ ఎగువకు తిప్పితే జలపాతం. తిప్పకపోతే శూలం. శూలంతో పోరాడాలంటే రెండు చేతులూ కావాలి. అరిందముడు పడవ ఎక్కేటప్పుడే అడుగున దాచుకున్న కత్తిని ఒంటిచేత్తో లాగి, రెండో చేత్తో నడుమునుంచి భరిణె తీసి, వెనక్కి తిరిగాడు.

“అయ్యా,” అన్నాడు. అంతదాకా ‘దొరవారూ’ అని వెక్కిరించిన గొంతు కాదది. “దీన్ని పట్టుకోండి. నేను పడవవాణ్ణి కాను. ఇందులో ఉన్నది నా చెల్లెలు.”

పృథూదరుడు నోరు తెరిచి అతన్ని చూశాడు. సాధారణంగా ఇలాంటి సమయంలో అతను రాకుమారులకు చేయవలసిన నమస్కారాలను వరసగా చేసేవాడు. ఈసారి ఒక్కటీ చేయలేదు. రాజముద్రను పళ్లెంతో సహా ఎత్తి నదిలోకి విసిరేశాడు. దాని వెనకే గొడుగునూ విసిరేశాడు. భరిణెను అందుకుని, పొట్టకు ఆనించి, రెండు చేతులతో కప్పుకుని, పడవ అడుగున ముడుచుకుని పడుకున్నాడు.

“ఈసారి పడనివ్వను, బాబూ,” అన్నాడు.

బండ మీద జటిలాక్షుడు శూలం ఎత్తాడు. పడవ ముక్కు శాసనం తప్పకుండా, సూటిగా, వాడి పాదాల ముందుకు వచ్చి తగిలింది.